పాత ఈవీకి ఎంత బ్యాటరీ కావాలి? ముందు మీ దారి లెక్కేయండి

పోయినేడు దీపావళి దాటాక మా బాబాయి ఫోన్ చేశాడు. "ఏంరా, నువ్వు ఇంజినీరువి గదా. సెకండ్ హ్యాండ్‌లో రెండు కరెంటు కార్లు చూశా. ఒకటి 30 బ్యాటరీ అంట, ఇంకోటి 40 అంట. తేడా రెండు లక్షలు. ఏది తీసుకోమంటావ్?"

బాబాయి ఇల్లు నెల్లూరులో. రొయ్యల గుంటలు ఇందుకూరుపేట అవతల, సముద్రం వైపు. రోజూ రానుపోను 60 కిలోమీటర్లు తిరుగుతాడు. కూతురు చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. పిన్నికి రెండు నెలలకోసారి చెన్నైలోనే గుండె డాక్టరుకు చూపించాలి. కొడుకు బీటెక్ మూడో ఏడాది. ఆ రెండు లక్షలు దాదాపు వాడి మిగిలిన ఫీజంత. అంటే ఇది కారు ముచ్చట ఒక్కటే కాదు, ఇంటి బడ్జెట్ ప్రశ్న.

బీటెక్, డిప్లొమా చదివినవాళ్లు ఉన్న ప్రతి ఇంట్లో ఇవాళో రేపో ఈ ప్రశ్న మీ ముందుకే వస్తుంది. ఈవీ, బ్యాటరీ కంపెనీల ఇంటర్వ్యూకి వెళ్తే అక్కడా వేరే రూపంలో ఇదే అడుగుతారు. అందుకే లెక్కలతో సహా చూద్దాం.

పాత ఈవీలు ఇప్పుడే ఎందుకొస్తున్నాయి?

టాటా నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో వచ్చింది. బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్. ప్రారంభ ఎక్స్‌షోరూమ్ ధర 13.99 లక్షలు. అదే నెలలో ఎంజీ జెడ్ఎస్ ఈవీ 44.5తో వచ్చింది. 2022 మేలో నెక్సాన్ ఈవీ మ్యాక్స్ 40.5తో, 17.74 లక్షల ప్రారంభ ధరతో దిగింది. 2023 జనవరిలో మహీంద్రా ఎక్స్‌యూవీ400 వచ్చింది. అందులో 34.5, 39.4 అని రెండు సైజులు. 2024 సెప్టెంబరులో నెక్సాన్‌కే 45 బ్యాటరీ వచ్చింది. 2025 జనవరిలో హ్యుందయ్ క్రెటా ఎలక్ట్రిక్ 42, 51.4 సైజుల్లో వచ్చింది. మొదట కొన్నవాళ్లకు ఇప్పుడు నాలుగైదేళ్లు నిండాయి. వాళ్లు పెద్ద బ్యాటరీకి మారుతున్నారు. పాతవి మార్కెట్లోకొస్తున్నాయి.

ధర ఎందుకు పడిందన్నదీ తెలుసుకోవాలి. 2024 సెప్టెంబరులో టాటా పండగ ధరలు ప్రకటించినప్పుడు కొత్త నెక్సాన్ ఈవీ 12.49 లక్షల నుంచే మొదలైంది. అంటే 2020లో మొదటి ఓనర్ పెట్టిన డబ్బు కన్నా కొత్త కారే తక్కువకు దొరికింది. అలాంటప్పుడు పాతదానికి ఎక్కువ రేటు ఎవరిస్తారు? దీనికి జీఎస్టీ తోడైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్లపై పన్ను 18 శాతానికి తగ్గింది. ఈవీలపై 5 శాతం అలాగే ఉంది. పోటీలో ఉన్న పెట్రోల్ కారు చౌకైంది కాబట్టి పాత ఈవీ దగ్గర బేరమాడే చోటు ఇంకాస్త పెరిగింది.

ఇంకో విషయం. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన 55వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం డీలర్లు అమ్మే పాత ఈవీలపై పన్నును 12 నుంచి 18 శాతానికి పెంచమని సిఫారసు చేసింది. కారు మొత్తం ధర మీద 18 శాతం అని చాలామంది కంగారుపడ్డారు. అది నిజం కాదు. పన్ను డీలర్ లాభం మీదే. ఆయన 8 లక్షలకు కొని 8.5 లక్షలకు అమ్మితే 50 వేల మీద 18 శాతం, అంటే 9 వేలు. ఉద్యోగి తన సొంత కారును నేరుగా మీకు అమ్మితే ఈ పన్నే లేదు. పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఈ తేడా నోట్ చేసుకోండి.

కంపెనీ చెప్పే రేంజ్ వేరు, మన దారి వేరు

కిలోవాట్ అవర్ అంటే భయపడక్కర్లేదు. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే అదే. 30.2 బ్యాటరీ అంటే 30 యూనిట్ల ట్యాంకు.

పాత నెక్సాన్ ఈవీకి కాగితం మీద రేంజ్ 312 కిలోమీటర్లు. ఆ పరీక్ష ల్యాబ్‌లో, నిర్ణీత వేగాల్లో జరుగుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కి, 90-100 వేగంతో పోతే సీను వేరు. నేను హైవేకి యూనిట్‌కు 6 కిలోమీటర్లు, ఊళ్లో 7 కిలోమీటర్లు లెక్కేస్తాను. జాగ్రత్తగా నడిపేవాళ్లకు ఇంకాస్త ఎక్కువే వస్తుంది. కానీ కొనేటప్పుడు లెక్క గట్టిగా ఉండాలి.

సూత్రం చాలా సింపుల్. బ్యాటరీ సైజును దాని ప్రస్తుత ఆరోగ్య శాతంతో గుణించండి. చివరి 10 శాతం అత్యవసరానికి పక్కన పెట్టండి. మిగిలినదాన్ని 6తో గుణించండి. నాలుగైదేళ్లు వాడిన కారుకు ఆరోగ్యం 90 శాతం అనుకుంటే:

- 30.2 బ్యాటరీ: మిగిలింది సుమారు 27 యూనిట్లు, వాడుకోగలిగింది 24.5. హైవేపై 147 కిలోమీటర్లు.
- 40.5 బ్యాటరీ: మిగిలింది 36.5, వాడుకోగలిగింది 32.8. హైవేపై 197 కిలోమీటర్లు.
- 45 బ్యాటరీ కొత్తది కాబట్టి ఆరోగ్యం 95 శాతం అనుకుందాం: వాడుకోగలిగింది 38.5. హైవేపై 231 కిలోమీటర్లు.

ఇప్పుడు నెల్లూరు మ్యాప్ తీయండి. మైపాడు బీచ్, కృష్ణపట్నం పోర్టు సుమారు పాతిక కిలోమీటర్లు. కావలి 55 దాకా. వీటికి ఏ బ్యాటరీ అయినా ఒకటే. తిరుపతి సుమారు 135, చిన్న బ్యాటరీ అంచున చేరుతుంది. చెన్నై సుమారు 175, చిన్నది మధ్యలో ఆగాల్సిందే, 40.5 అయితే ఆగకుండా పోతుంది. విజయవాడ 275 పైనే. అక్కడికి ఈ మూడింట్లో ఏదైనా దారిలో ఆగకుండా చేరదు.

అంటే నెల్లూరు వాళ్లకు 30, 40 మధ్య తేడా ఒక్క ఊరి పేరుతో చెప్పొచ్చు: చెన్నై.

ఆ రెండు లక్షలతో ఏం కొంటున్నాం?

రెండు లక్షలు 12 శాతం వడ్డీకి నాలుగేళ్ల లోను తీసుకుంటే నెలకు ఈఎంఐ సుమారు 5,270. ఏడాదికి 63 వేల పైమాటే. బాబాయి వాళ్లు ఏడాదికి ఆరుసార్లు చెన్నై పోయొస్తారు. అంటే 12 ప్రయాణాలు. ఒక్కో వైపు ప్రయాణానికి ఐదు వేల పైన ఎక్కువ కడుతున్నట్టు లెక్క!

చిన్న బ్యాటరీతో పోతే నష్టమేంటి? 147కి, 175కి తేడా 28. జాగ్రత్త కోసం 60 కిలోమీటర్లకు సరిపడా ఛార్జ్ చేసుకుందాం. అంటే 10 యూనిట్లు. ఆ కారు 25 కిలోవాట్ల వేగంతో ఛార్జ్ అయితే సుమారు 25 నిమిషాలు. కాఫీ తాగి, కాళ్లు సాగదీసుకునే టైము. అయితే ఛార్జర్ పనిచెయ్యాలి, ఖాళీగా ఉండాలి. యాప్‌లో ఆకుపచ్చ చుక్క కనబడిందని నమ్మకండి. చివరిసారి ఎవరు, ఎప్పుడు ఛార్జ్ చేశారో చూడండి. కొనేముందు ఒకసారి ఆ దారిలో వెళ్లి కళ్లారా చూసొస్తే ఇంకా మంచిది.

ఇక్కడ పెద్ద బ్యాటరీకి ఒక ప్లస్ ఉంది. డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ వేగం చాలావరకు బ్యాటరీ సైజుతో పెరుగుతుంది. పాత 30.2కి 0 నుంచి 80 శాతానికి గంట పడితే, 40.5 మ్యాక్స్‌కు 50 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర 56 నిమిషాలని కంపెనీ చెప్పింది. నిమిషాలు దాదాపు అవే, లోపలికెళ్లే యూనిట్లు ఎక్కువ. ఇంజినీరింగ్ భాషలో దీన్నే సీ-రేట్ అంటారు. వారానికోసారి హైవే ఎక్కేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది.

చాలామంది పొరబడేది ఇంకోటుంది. పెద్ద బ్యాటరీ అయితే రోజువారీ ఖర్చు తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. బాబాయి నెలకు 1,560 కిలోమీటర్లు తిరుగుతాడు. యూనిట్‌కు 7 చొప్పున 223 యూనిట్లు, ఛార్జింగ్‌లో పోయేది కలిపి 250. పై శ్లాబులో యూనిట్ 9 రూపాయలనుకున్నా 2,250 రూపాయలు. అదే లీటరుకు 15 ఇచ్చే పెట్రోల్ కారైతే 104 లీటర్లు, 110 రూపాయల లెక్కన 11 వేలు దాటుతుంది. ఈ ఆదా చిన్న బ్యాటరీతోనూ ఇంతే, పెద్దదాంతోనూ ఇంతే. నిజానికి పెద్దది బరువు ఎక్కువ కాబట్టి కరెంటు కాస్త ఎక్కువే తాగుతుంది.

ఒక్క షరతు. ఇంట్లో ఛార్జింగ్ ఉండాలి. రోడ్డు మీది ఫాస్ట్ ఛార్జర్లలో యూనిట్ రేటు ఇంటి రేటుకు రెట్టింపు దాటుతుంది. 15 యాంపియర్ల సాకెట్‌కు సరైన ఎర్తింగ్ ఉందా, ఇంటి శాంక్షన్డ్ లోడ్ సరిపోతుందా అన్నది విద్యుత్ పంపిణీ సంస్థ ఆఫీసులో ముందే అడగండి. 3.3 కిలోవాట్ల ఇంటి ఛార్జర్‌తో 30.2 బ్యాటరీ రాత్రికి రాత్రి నిండుతుంది. 40.5 అయితే ఖాళీ నుంచి 15 గంటల దాకా పడుతుంది. దానికి 7.2 కిలోవాట్ల ఛార్జర్, ఎక్కువ లోడ్ కావాలి. ఈ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు.

సైజు కన్నా ముందు ఆరోగ్యం

బ్యాటరీ ఎంతదన్నది స్టిక్కర్ చెబుతుంది. ఇప్పుడు ఎంత మిగిలిందన్నది స్టేట్ ఆఫ్ హెల్త్ చెబుతుంది. బాబాయి చూసిన 40.5 కారును అమ్మేవాయన "బ్యాటరీ హండ్రెడ్ పర్సెంట్ సార్, డిస్‌ప్లే చూడండి" అన్నాడు. డిస్‌ప్లేలో కనబడేది ఛార్జ్ శాతం. అది ఫుల్ ట్యాంకు అని చెబుతుంది, ట్యాంకు ఎంత కుంచించుకుపోయిందో చెప్పదు. ఈ రెంటికీ తేడా తెలిసినవాళ్లను మోసం చెయ్యడం కష్టం.

మొదటి దారి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించడం. ఓనర్ ఒప్పుకోకపోతే అక్కడే అనుమానించాలి. రెండోది, మనమే ఇంట్లో చేసుకునే పరీక్ష. కారును 100కి ఛార్జ్ చేసి, 20 శాతం దాకా నడిపి, మళ్లీ 100కి ఛార్జ్ చేస్తూ మీటరులో యూనిట్లు చూడాలి. 30.2 కారుకు మేం అలాగే చేశాం. మీటరు 24.5 యూనిట్లు చూపించింది. అందులో 12 శాతం వేడి రూపంలో పోయిందనుకుంటే లోపలికెళ్లింది 21.6. అది 80 శాతానికి సమానం. కాబట్టి మొత్తం 27. అంటే ఆరోగ్యం 89 శాతం. ఇది అంచనానే, రెండు మూడు శాతం అటూ ఇటూ అవుతుంది. అయినా బేరానికి చాలు.

బ్యాటరీ రసాయనం కూడా అడగండి. నెక్సాన్ ఈవీలది ఎల్ఎఫ్‌పీ. దీన్ని అప్పుడప్పుడు 100 దాకా నింపడమే మంచిది, లేకపోతే శాతం లెక్క తప్పుతుంది. ఎక్స్‌యూవీ400ది ఎన్ఎంసీ. రోజువారీ వాడకానికి దాన్ని 80 దగ్గర ఆపితే ఎక్కువకాలం మన్నుతుంది. రెండింటికీ శత్రువు ఒకటే, వేడి. మే నెల నెల్లూరు ఎండలో ఫుల్ ఛార్జ్‌తో రోజుల తరబడి ఎండన నిలబెట్టిన కారు కన్నా, నీడన ఉండి రోజూ తిరిగిన కారే మేలు. కిలోమీటర్లు తక్కువని మురిసిపోకండి.

వారంటీ సంగతి. నెక్సాన్ ఈవీ బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. 2021 కారైతే 2029 దాకా ఉన్నట్టు. కానీ ఎంత శాతం కన్నా తగ్గితే మారుస్తారు, రెండో ఓనర్‌కు షరతులేంటి అన్నవి కాగితం మీద చదవండి. కొత్త మోడళ్ల 'జీవితకాల వారంటీ' మొదటి ఓనర్‌ను దృష్టిలో పెట్టుకుని ఇచ్చింది. పాత కారు అమ్మే ప్రకటనలో ఆ మాట కనబడితే రాతపూర్వకంగా అడగాలి. బ్యాటరీని అద్దెకు తీసుకునే పథకంలో కొన్న కార్లయితే, ఆ అద్దె ఒప్పందం ఎవరి పేరుకు మారుతుందో కూడా తేల్చుకోవాలి.

ఉప్పుగాలి, వరద: మన తీరం లెక్క

ఇది హైదరాబాద్ రివ్యూల్లో దొరకదు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు, పడుగుపాడు దగ్గర రోడ్డు, రైలు రెండూ తెగిన సంగతి మనకు గుర్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు చెన్నైలో కార్లు నీళ్లలో తేలాయి, మన జిల్లాలోనూ కుండపోత కురిసింది. ఆ నీళ్లలో నానిన కారు శుభ్రంగా తుడుచుకుని అమ్మకానికి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈవీల బ్యాటరీ ప్యాక్‌కు నీళ్ల నుంచి రక్షణ ఉంటుంది. కానీ గంటల తరబడి బురదనీళ్లలో ఉంటే కనెక్టర్లు, వైరింగ్, సీల్స్ దెబ్బతింటాయి. వరద నష్టం వారంటీ కిందకి రాదు, బీమా కిందకి వస్తుంది. కాబట్టి బీమా క్లెయిమ్ చరిత్ర తప్పకుండా అడగండి.

బాబాయి ఇష్టపడిన 40.5 కారు చెన్నై రిజిస్ట్రేషన్. లిఫ్ట్ మీద ఎత్తించి చూశాం. సీటు పట్టాల సందుల్లో ఎండిన ఒండ్రు. కింద బ్యాటరీ ట్రే బోల్టులు తుప్పు. కార్పెట్ ఎత్తితే ముక్క వాసన. "ఏం కాలేదు సార్, కడిగేటప్పుడు తడిసింది" అన్నాడాయన. నమస్కారం పెట్టి వచ్చేశాం.

తీరంలో కారు కొనేవాళ్లు లిఫ్ట్ మీద చూడాల్సినవి: బ్యాటరీ ట్రే, దాని బోల్టులు, కూలెంట్ పైపుల జాయింట్లు, ఛార్జింగ్ పోర్టు పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము, నారింజ రంగు కేబుళ్ల తొడుగులు. ఒక్క హెచ్చరిక. ఆ నారింజ కేబుళ్లలో 300 వోల్టుల పైన ఉంటుంది. చూడండి, ముట్టుకోకండి. బీటెక్ పట్టా షాక్ నుంచి కాపాడదు.

ఇంకో రాష్ట్రం కారైతే ఎన్ఓసీ కావాలి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే కొత్త రిజిస్ట్రేషన్ చేయించాలి. అక్కడ ఈవీకి పన్ను మినహాయింపు వచ్చిందని ఇక్కడా వస్తుందనుకోకండి. కొనేముందే ఆర్టీఏ ఆఫీసులో లైఫ్ ట్యాక్స్ ఎంతో కనుక్కోండి. చౌకగా వచ్చిన కారు అక్కడ ఖరీదవుతుంది.

చివరికి ఏం చేశాం?

నేనైతే ఇంకో 40.5 వెతుకుదామన్నాను. పిన్ని ఆరోగ్యం గుర్తొచ్చి. తేల్చింది పిన్నే. "నన్ను రాత్రిపూట ఛార్జర్ దగ్గర కూర్చోబెట్టకండి. ఆస్పత్రికి పోవాల్సినప్పుడు రైలెక్కుతా, అర్జెంటైతే బాడుగ కారు పెట్టండి. ఆ రెండు లక్షలు పిల్లోడి ఫీజుకు ఉంచండి" అంది. లెక్క చూస్తే ఆమె మాటే కరెక్టు. ఏడాదికి 12 ప్రయాణాల కోసం మిగతా రోజులన్నీ పెద్ద బ్యాటరీ బరువు మోస్తూ తిరగడమెందుకు? నెల్లూరు కారే అయిన 30.2ను 89 శాతం లెక్క చూపించి, 40 వేలు తగ్గించి కొన్నారు.

ఇది అందరికీ వర్తించదు. ఇంట్లో ఛార్జింగ్ లేనివాళ్లు, వారానికోసారి చెన్నై, ఒంగోలు దాటి తిరిగేవాళ్లు, ఇంట్లో ఇదొక్కటే కారు అయి రాత్రిపూట ఆస్పత్రి అవసరం పడేవాళ్లు 40 లేదా 45 కోసం ఆగడమే మంచిది. రోజుకు వంద లోపు తిరిగి రాత్రికి ఇంటికొచ్చేవాళ్లకు ఆరోగ్యంగా ఉన్న 30 చాలు. నలిగిన 40 కన్నా నిఖార్సైన 30 మేలు.

ఇందులో మీకు ఉద్యోగముందా?

ఉంది. పాత ఈవీల మార్కెట్ పెరిగేకొద్దీ బ్యాటరీ ఆరోగ్యం తేల్చి చెప్పే మనుషులు కావాలి. పాత కార్ల కంపెనీలు, బీమా సర్వే, లోన్లిచ్చే ఫైనాన్స్ సంస్థలు, సర్వీస్ సెంటర్లు... అందరికీ ఇదే ప్రశ్న. తయారీ వైపు చూస్తే తిరుపతి కేంద్రంగా ఉన్న అమరరాజా గ్రూప్ తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్ ప్లాంటుకు 2023 మేలో శంకుస్థాపన చేసింది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలతో రీసైక్లింగ్ రంగానికీ పని పెరిగింది.

ఈఈఈ, ఈసీఈ, మెకానికల్ వాళ్లు ముందు నాలుగు మాటలు గట్టిగా నేర్చుకోండి: స్టేట్ ఆఫ్ ఛార్జ్, స్టేట్ ఆఫ్ హెల్త్, సీ-రేట్, బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఎన్‌పీటెల్‌లో ఈవీ కోర్సులు ఉచితంగా వినొచ్చు. ఐటీఐ, డిప్లొమా వాళ్లు ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ గుర్తింపున్న ఈవీ సర్వీస్ శిక్షణ చూడండి. హై వోల్టేజ్ భద్రత నేర్పని కోర్సుకు డబ్బు కట్టకండి.

ప్రాజెక్టు ఐడియా కావాలా? మీ ఊళ్లో తెలిసినవాళ్ల ఈవీలు ఐదు తీసుకోండి. పైన చెప్పిన మీటరు పరీక్ష చెయ్యండి. వయసు, కిలోమీటర్లు, ఎక్కువగా ఎక్కడ ఛార్జ్ చేశారు, నీడా ఎండా అన్నవి ఒక షీట్‌లో రాయండి. ఆరోగ్యం ఎందుకు తేడాగా ఉందో రెండు పేజీల్లో వివరించండి. ఇంటర్నెట్‌లో దించిన ప్రాజెక్టు కన్నా ఇంటర్వ్యూలో ఇదే ఎక్కువసేపు మాట్లాడిస్తుంది. ఎందుకంటే ఆ అంకెలు మీవి.

మా తమ్ముడు, అదే బాబాయి కొడుకు, ఇప్పుడు ఆ పనే చేస్తున్నాడు. మొదటి వరసలో వాళ్ల నాన్న కారే ఉంది: 30.2, ఆరోగ్యం 89.